మొదలేదో కొసేదో

ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెంట్రుకను పెట్టి సిల్వేన్ మెల్లగా నలిపింది. అలా నలిపితే వెంట్రుక పాకుతుంది. ఎటు పాకితే అటు మొదలు, రెండోవైపు కొస. ఇరవై రెండేళ్ళుగా రోజుకి కొన్ని వేలసార్లు చేసిన పని. ఒకప్పుడైతే కళ్ళు మూసుకుని, పక్కపీట తువానెట్‌తో కబుర్లు చెబుతూ కూడా చేసేది. ఇప్పుడు వెంట్రుక పాకుతోందో లేదో తెలియడం లేదు. చూస్తే తప్ప, వేళ్ళమధ్య వెంట్రుక ఉందన్న సంగతే తెలియడం లేదు.

తల ఎత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తి చూసింది. మేస్త్రమ్మ మదాం గ్రివో గుమ్మం దగ్గర బొగ్గులవాడితో పేచీ పెట్టుకుని ఉంది. వీపు ఇటుంది. సిల్వేన్ మూతికి అడ్డంగా చుట్టుకున్న ఉన్నిగుడ్డని కిందికి లాగి, వెంట్రుకని పెదవుల మధ్య పెట్టి ఒక్కసారి ఆడించింది. కిందిపెదవి కుడివైపు వాచి మొద్దుబారిపోయింది. ఎడమ మూలకి మాత్రం ఇంకా స్పర్శ ఉంది. అక్కడ వెంట్రుక గరుకుగా తగిలి కుడికి జారింది. అంటే మొదలు కుడివైపు. దాన్ని తీసి పాయలో మిగతావాటి పక్కన పేర్చి, గుడ్డ మళ్ళీ పైకి లాక్కుంది.

ఎనిమిది నెలలుగా ఇదే వరస. వేళ్ళు చెయ్యాల్సిన పని పెదవులు చేస్తున్నాయి. ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది పారిస్‌లో ఆడవాళ్ళ తలలకి ఏదో పిచ్చి పట్టింది. అసలు తలకంటే తలవెనక పెట్టుకున్న షిన్యోన్, అంటే సవరపు కొప్పు, పెద్దది. దొరసానికి సొంతజుట్టు పిడికెడైతే సవరం బుట్టెడు. నిన్నమొన్నటిదాకా మెడమీద చిన్న ముడి వేసుకుని చర్చికి వెళ్ళిన రొట్టెలకొట్టు ఆవిడ కూడా, ఇప్పుడు నెత్తిన గుమ్మడికాయంత కొప్పు పెట్టుకుని గానీ గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం లేదు. ఇంత జుట్టు ఎక్కడినుంచి రావాలి? పల్లెసంతల్లో ఆడపిల్లల తలలు కత్తిరించి తెచ్చేది శ్రేష్ఠమైన సరుకు. అది పెద్ద కొట్లకి పోతుంది. ఈ నాలుగో అంతస్తు గదికి వచ్చేది రాలిన జుట్టు. పొద్దున్నే దువ్వెనకి వచ్చిన చిక్కుని ప్రతి ఇంట్లోనూ వేలికి చుట్టి, కసువుతో పాటు వీధిలో పారేస్తారు. చెత్త ఏరుకునేవాళ్ళు దాన్ని కొక్కేలతో తీసి సంచుల్లో తెస్తారు. తూకం పెరగడానికి అందులో మేకజుట్టూ, గుర్రపు తోకలూ, తోళ్ళమండీ దగ్గర నేలమీద ఊడిపడ్డ బొచ్చూ కలుపుతారు. ఆ సంగతి అందరికీ తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

ఆ సంచులు ముందు నేలమాళిగకి పోతాయి. అక్కడ వేడి సోడానీళ్ళ తొట్లలో ఉతికి, ఆరబెట్టి, ఇనుప పళ్ళ చెక్కమీద దువ్వి పైకి పంపుతారు. పైన కిటికీల కింద పొడుగు బల్ల. బల్లకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు ఆడవాళ్ళు. వీళ్ళ పనల్లా వెంట్రుకలన్నిటినీ ఒకే దిక్కుకి పేర్చడం. మొదళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు. ఇందులో పొరపాటు చేస్తే ఏమవుతుందంటే, తలకిందులైన వెంట్రుక పక్కదాన్ని పట్టి కొరుకుతుంది. కొట్లో చూసినప్పుడు షిన్యోన్ నిగనిగలాడుతూనే ఉంటుంది. కొన్నావిడ ఇంటికెళ్ళి మొదటిసారి దువ్వెన పెట్టేసరికి గట్టిగా ముద్దకట్టుకుపోతుంది. ఆ ముద్దని ఇక ఏ దేవుడూ విడదీయలేడు.

సిల్వేన్‌కి యాభై నాలుగు. పొట్టి మనిషి. భుజాలు మగవాడి భుజాల్లా వెడల్పు, నడుం మాత్రం బల్లమీదికి వంగి వంగి అలాగే ఉండిపోయింది. తలమీద పల్లెటూరి తెల్లకుళ్ళాయి. ఈ పట్నం వచ్చి ముప్పై ఏళ్ళయినా అది మార్చలేదు. వేళ్ళు పొట్టివి, చివర్లు చదునుగా, అరగదీసినట్టు నున్నగా ఉంటాయి. గీతలు కూడా పోయాయి. పొద్దుటినుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. మెడ పట్టేసింది.

"షిన్యోన్ ఒకటే నొప్పిగా ఉందే తువానెట్," అంది మెడ వెనక చెయ్యేసుకుని.

తువానెట్ పకపకా నవ్వింది. పారిస్‌లోనే పుట్టి, పారిస్ దాటి ఎరగని మనిషి. "నీకు షిన్యోన్ ఎక్కడిదే తల్లీ, కుళ్ళాయి తప్ప? వింటున్నారా, ఈవిడకి కొప్పు నొప్పెడుతోందట."

"మా ఊళ్ళో అలాగే అంటారు. మెడ వెనక ఎముక. కుందేల్ని పట్టుకునేచోటు."

"కుందేల్నీ అక్కడే పట్టుకుంటారు, దొరసానుల్నీ అక్కడే పట్టుకుంటారు. మా వీధిలో నిన్న ఇద్దరు ఒకళ్ళ షిన్యోన్ ఒకళ్ళు పట్టుకుని కొట్టుకుంటే, ఆవిడది ఈవిడ చేతికొచ్చింది, ఈవిడది ఆవిడ చేతికొచ్చింది. ఎవరిది వాళ్ళకి ఇమ్మనేసరికి పోలీసు తలప్రాణం తోకకొచ్చింది." అని, సిల్వేన్ మూతివైపు చూసి, "ఇంతకీ ఆ ముసుగేమిటే? ఈ వయసులో ఎవడు కొరికాడు నిన్ను?"

"పురుగేదో ముట్టింది."

"చూడనీ."

"చూడ్డానికేముంది? చిన్న పొక్కు. నొప్పి కూడా లేదు."

నొప్పి లేదన్నది నిజమే. మొన్న దురదపెట్టింది. నిన్న చుట్టూ చిన్నచిన్న నీటిపొక్కులు లేచాయి. ఇవాళ పొద్దున కిటికీ అద్దంలో చూసుకుంటే మధ్యలో నల్లగా ఉంది. నొప్పి లేని పుండుకి భయపడేంత తీరిక ఆమెకి లేదు.

మెడ వెనక చెయ్యి వేసుకున్నప్పుడల్లా ఆమెకి పదమూడో ఏడు గుర్తొస్తుంది. సొంతూరి క్రూజ్ కొండల్లో సంత. జుట్టు కొనేవాడు గొడుగు పాతి, దానికి రంగురంగుల గుడ్డలు వేలాడదీసి కూర్చున్నాడు. అమ్మ ఆమె కుళ్ళాయి విప్పి, జుట్టు వాడి చేతిలో పెట్టింది. వాడు కోడిని పట్టినట్టు మెడ వెనక పట్టుకుని తల వంచాడు. కత్తెర చల్లగా తగిలింది. ముందువైపు మాత్రం నాలుగు వేళ్ళంత జుట్టు ఉంచాడు, కుళ్ళాయి పెట్టుకుంటే ఎవరికీ తెలియకుండా. జుట్టుకి బదులుగా వచ్చిన పూలగుడ్డ అక్క పెళ్ళికి కుట్టారు. ఆ రాత్రి అమ్మ, "జుట్టేనే, మళ్ళీ వస్తుంది," అంది. వచ్చింది కూడా. పదహారేళ్ళప్పుడు మళ్ళీ కోశారు.

తర్వాత లెయోనార్ వచ్చాడు. ఆ కొండల్లో మగవాళ్ళందరూ తాపీపనివాళ్ళే, ఎండాకాలమంతా పారిస్‌లో గోడలు కట్టి చలికాలానికి ఇంటికొచ్చేవాళ్ళు. అతను మాత్రం పెళ్ళాన్ని తనతో తెచ్చుకున్నాడు. పాత ఇళ్ళు కూలగొట్టి పెద్ద వీధులు వేస్తున్న రోజులు. ఒక సోమవారం అయిదో అంతస్తు పరంజా మీదనుంచి పడ్డాడు. ఏడవడానికి రెండు రోజులు దొరికాయి. మూడో రోజు మూడేళ్ళ పిల్లని పక్కింటివాళ్ళకి అప్పగించి మళ్ళీ పనికెళ్ళింది. ఆ పిల్లే మెలానీ. పందొమ్మిదేళ్ళ పిల్ల ఇప్పుడు ఇదే ఇంటి నేలమాళిగలో, సోడానీళ్ళ తొట్ల దగ్గర ఉంది.

సిల్వేన్ ఈ పీట పట్టుకుని వేలాడేది మెలానీ కోసమే. అలా అని తనకి తాను చెప్పుకుంటుంది. అందులో సగమే నిజం, ఆ సంగతి కూడా తనకి తెలుసు.

ఆ గదిలో ఒక కట్టుబాటుంది. చెయ్యి బాగుండగానే, తనంతట తాను పీట దిగిన మనిషి, తన రక్తసంబంధంలో ఒకళ్ళని ఆ పీటమీద కూర్చోబెట్టి వెళ్ళవచ్చు. చెయ్యి చెడి వెళ్ళగొట్టిన మనిషికి ఆ హక్కు లేదు. ఆ పీట కోసం గుమ్మం బయట ఎప్పుడూ పదిమంది ఉంటారు. మెలానీకి కిందటి చలికాలంలో దగ్గు పట్టుకుంది. తొట్ల ఆవిరిలో ఉండి వచ్చిన ఆ దగ్గు, పిల్ల పైగదికొస్తే తప్ప పోదు. తను దిగితే పిల్ల పైకొస్తుంది. కాని వేళ్ళు చచ్చిన ముసలిదానికి ఈ పట్నంలో పని ఎవరిస్తారు? ఒక్కరి కూలితో ఇద్దరు బతకాలి. ఇంకో నెల, ఇంకో నెల అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపింది. రోజూ సాయంత్రం మెట్లమీద పిల్ల దగ్గు వింటూ ఇంటికెళ్ళేటప్పుడు, తన తిండి తను పిల్ల ఊపిరితిత్తుల్లోంచి తింటున్నట్టే అనిపించేది.

పదకొండు గంటలవేళ మదాం గ్రివో బల్ల దగ్గరికి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంటుంది. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. తెచ్చిన పొట్లం విప్పి బల్ల మధ్యలో పెట్టింది. గోధుమరంగు షిన్యోన్. ఒకవైపు ఇంకా వంకీలు నిగనిగలాడుతూనే ఉన్నాయి. రెండోవైపు మాత్రం తివాచీ ముక్కలా గట్టిపడి, అందులో ఒక విరిగిన దువ్వెనపన్ను ఇరుక్కుని ఉంది.

"ఒక ప్లీడరుగారి భార్య పంపించింది," అంది గ్రివో. "డాన్సుకి వెళ్ళే ముందు దువ్వెన పెట్టారట. లోపల ఆవిడ సొంతజుట్టు కూడా చిక్కుకుంటే కత్తిరించాల్సి వచ్చిందట."

తువానెట్ ఆ గట్టిపడ్డవైపు వేలితో నొక్కి చూసింది.

"కార్నివాల్ పండగ ముందు వారం పేర్చిన సరుకు. ఆరుగురి పాయలూ నేతలో కలిసిపోయాయి కాబట్టి ఎవరి చెయ్యో నాకు తెలీదు. భోజనాలయ్యాక, ఒంటిగంటకి, ఒక్కొక్కర్నీ పిలుస్తాను. కళ్ళకి గంతలు కట్టి పది వెంట్రుకలిస్తాను."

"పదిలో ఎన్ని తప్పొచ్చు మదాం?" అంది తువానెట్.

"ఒకటి. నాకూ ఒకటి తప్పుతుంది." ఆ ముద్దని బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఎవరి చెయ్యో సిల్వేన్‌కి తెలుసు. కార్నివాల్ ముందు పని తొందరలో గ్రివో మూడు రోజులు ఇదే బల్లకి, సరిగ్గా ఆమెకి ఎదురుగా కూర్చుంది. పెదవులదాకా చెయ్యి ఎత్తడానికి వీల్లేకపోయింది. ఆ మూడు రోజులూ ఆమె ఊరికే నలుపుతున్నట్టు నటించి, తోచినవైపు పెట్టుకుంటూ పోయింది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పదిరోజులైనా ఏమీ రాకపోయేసరికి గండం గడిచిందనుకుంది.

ఇప్పుడు గంతలు కట్టుకుని, గ్రివో ముందు నిలబడి, పెదవులు వాడటం కుదరదు. పదిలో అయిదో ఆరో తప్పుతాయి. తప్పిన మరుక్షణం పీట పోతుంది. తను పోవడం మాట అలా ఉంచితే, పిల్ల ఆ తొట్ల దగ్గరే దగ్గి దగ్గి పోతుంది. ఇదంతా తన వల్లే. క్రిస్మస్‌కే దిగిపోయి ఉంటే ఈ పాటికి మెలానీ కిటికీ పక్కన కూర్చుని ఉండేది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

పన్నెండు కొట్టగానే రొట్టెముక్క గౌను జేబులో పెట్టుకుని నేలమాళిగకి దిగింది. మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిపోయాయి. గోడ పట్టుకుని దిగింది.

కింద ఆవిరిలో మొదట ఏమీ కనబడదు. పచ్చిబొచ్చు వాసన, సోడా ఘాటు. మెలానీ తొట్టి అంచున కూర్చుని రొట్టె తింటోంది. తల్లి భుజాలే, తండ్రి పొడుగు. మోచేతులదాకా చేతులు ఉడికించినట్టు ఎర్రగా ఉన్నాయి.

"మూతికేమైందమ్మా? నిన్నటికంటే వాచింది."

"ముందు నీ చెయ్యి ఇలా ఇవ్వు."

మెలానీ చెయ్యి చాచింది. వేళ్ళ చివర చర్మం తెల్లగా ఉబ్బి, పగిలి ఉంది. సిల్వేన్ కుళ్ళాయి కిందనుంచి తన తలవెంట్రుక ఒకటి లాగి ఆ వేళ్ళమధ్య పెట్టి, "కళ్ళు మూసుకో. నలుపు. తెలుస్తోందా?" అంది.

"ఏం తెలియాలి?"

"ఎటు పాకుతోందో."

మెలానీ కాసేపు నలిపి తల అడ్డంగా ఊపింది.

"నాకూ తెలీదు," అంది సిల్వేన్. "ఎనిమిది నెల్లయింది నాకు తెలియక."

పిల్ల కళ్ళు తెరిచి చూసింది. "మరి పనెలా చేస్తున్నావు?"

సిల్వేన్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. ఇరవై రెండేళ్ళలో తను సొంతంగా కనిపెట్టిన విద్య ఇదొక్కటే. పిల్లకి ఇవ్వడానికి తన దగ్గర ఉన్నదీ ఇదొక్కటే. చెబుతుంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. "పెదవుల్తో. ఇక్కడ, మూలని పెట్టుకుని ఒక్కసారి ఆడించు. వేళ్ళు అబద్ధం చెబుతాయి గానీ పెదవి చెప్పదు. మేకజుట్టయితే మొద్దుగా తగుల్తుంది, తీసి అవతల పారెయ్యి. గ్రివో చూడకూడదు. చూస్తే, ఛీ, వీధిలో ఏరిన జుట్టు నోట్లో పెట్టుకుంటావా అంటుంది."

"వీధిలోదే కదమ్మా."

"ఉతికింది కదే. నువ్వు ఉతికిందేగా, నాకు అసహ్యమేమిటి?"

మెలానీ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా సిల్వేన్ వీపు నిమిరింది. ఆ తర్వాత చెప్పింది. "వచ్చే సోమవారంనుంచి నువ్వు పైన కూర్చుంటావు. నేను దిగుతున్నాను."

"నువ్వు దిగితే నీకెలా?"

"మార్కెట్లో ఉల్లిపాయలు ఏరడానికి వేళ్ళక్కర్లేదు. నోరు మూసుకుని తిను." తన రొట్టె కూడా పిల్ల ఒళ్ళో పెట్టింది. మింగుడు పడదని పొద్దుటే తెలిసింది.

నాలుగు అంతస్తులూ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. గ్రివో తన చిన్నగదిలో గుడ్డు వలుచుకుంటోంది. గోడ గడియారం పన్నెండూ ముప్పావు.

"మదాం, నేను పీట దిగుతాను."

గ్రివో గుడ్డు పళ్ళెంలో పెట్టింది. "ఇవాళా?"

"ఇవాళే."

"ఒంటిగంట తర్వాతా, ముందా?"

"ముందే, మదాం."

గ్రివో ఆమె చేతులవైపు చూసింది. సిల్వేన్ ఆ చేతుల్ని అప్పటికే గౌను మడతల్లో దాచుకుంది. ఏదైనా అడిగితే ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదని సిల్వేన్ అనుకుంది. అడిగితే చెప్పేద్దామనే నిలబడింది.

"నీ చోట్లో ఎవరు?"

"మా పిల్ల. మెలానీ. కింద తొట్ల దగ్గర చేస్తోంది."

"తొట్ల దగ్గర చేసిన వేళ్ళు."

"కుర్రవేళ్ళు మదాం. సోడాలో పెట్టకపోతే కొత్తచర్మం వస్తుంది."

"ఈస్టర్ దాకా నేర్చుకోనిస్తాను. ఆ తర్వాత పది వెంట్రుకలు, అందరిలాగే."

"చాలు మదాం."

తలుపుదాకా వెళ్ళాక గ్రివో పిలిచింది. "సిల్వేన్. నువ్వు ఒంటిగంట కొట్టకముందు వచ్చావు. గడియారం చూశాను, ఎవరడిగినా చెబుతాను." మళ్ళీ గుడ్డు చేతిలోకి తీసుకుంది. "ఆ మూతి ఎవరికైనా చూపించుకో."

బల్ల దగ్గరికొచ్చి శాలువా తీసుకుంటుంటే తువానెట్ పైకీ కిందికీ చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. పక్కపక్కన పన్నెండేళ్ళు కూర్చున్న మనిషి, ఎన్నిసార్లు ఆ చెయ్యి మూతిదాకా వెళ్ళిందో చూడకుండా ఉంటుందా? కాని అనలేదు.

"అయితే పోతున్నావన్నమాట. ఇక నేను ఎవర్ని ఏడిపించను?"

"మా పిల్లని ఏడిపించు. కాస్త చూసి ఏడిపించు."

"నీ కూతురా? అది నాలుగు తిరిగి తిడుతుంది. నీలా కాదు." తువానెట్ లేచి ఆమె కుళ్ళాయి తాడు సరిచేసి కట్టింది. కట్టేటప్పుడు వేళ్ళకి ఆమె మెడ తగిలింది. "ఒళ్ళు కాలిపోతోందే. తిన్నగా ఇంటికెళ్ళి పడుకో. ఎక్కడా ఆగకు."

"అలాగే."

ఆమె మెట్లు దిగుతుండగా ఒంటిగంట కొట్టింది. అయిదుగురూ వరసగా గంతలు కట్టించుకున్నారు. అయిదుగురూ నెగ్గారు. గ్రివో ఆ ముద్దకట్టిన షిన్యోన్‌ని పొయ్యిలో పడేయించి, పని మొదలుపెట్టమంది.

వీధిలో సన్నగా మంచు పడుతోంది. సిల్వేన్‌కి చలి వెయ్యలేదు. పట్టపగలు ఈ వీధిలో నడిచి ఎన్నేళ్ళయిందో ఆమెకి గుర్తులేదు. కొట్లన్నీ తెరిచి ఉన్నాయి. ముందు ఒక పడుచామె వెళుతోంది, పెద్ద షిన్యోన్, దానిమీద వల, వలకి ముత్యాలు. సిల్వేన్ అలవాటుకొద్దీ దాని వరసలు చూసింది. మంచి పనే. మొదళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎవరు పేర్చారో, ఎన్ని తలలు అందులో ఉన్నాయో. ఆ పడుచామె బరువుకి మెడ సర్దుకుంటూ నడుస్తోంది. పాపం, సాయంత్రానికి దానికీ నొప్పెడుతుంది అనుకుంది సిల్వేన్. మనసు చాలా తేలిగ్గా ఉంది. సిగ్గు పోయింది. ఇంటి మెట్లమీద రెండుసార్లు కూర్చుని ఎక్కాల్సి వచ్చింది.

సాయంత్రం మెలానీ వచ్చేసరికి తల్లి బూట్లతోనే పడుకుని ఉంది. ముఖం గుర్తుపట్టలేనంతగా వాచిపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. పెదవిమీది పొక్కు బొగ్గుముక్కలా ఉంది. మెలానీ వంగి ఆ బూట్లు విప్పింది.

"నొప్పెడుతోందా అమ్మా?"

"లేదే. అదే విచిత్రం. నొప్పి లేదు." తెరిచున్న కంటితో కూతుర్ని చూసి, "గ్రివో ఒప్పుకుంది. చెప్పానా?" అంది.

"చెప్పలేదు."

"ఒప్పుకుంది."

మర్నాడు పక్కింటివాళ్ళ తోపుడుబండి మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు చూసి దూరం జరిగాడు. "మీ అమ్మ తోళ్ళ దగ్గర పనిచేస్తుందా? గొర్రెలూ మేకలూ కడుగుతుందా? ఇది వాళ్ళకొచ్చే పుండు."

"లేదండీ," అంది మెలానీ. "ఆడవాళ్ళ కొప్పులకి జుట్టు పేరుస్తుంది."

"ఆడవాళ్ళ జుట్టేనా?"

"అవునండీ. ఉతికిందే. నేనే ఉతుకుతాను."

"అయితే ఎలా వచ్చిందో మరి," అని ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

గురువారం మధ్యాహ్నం చూడనిచ్చే వేళకి మెలానీ వెళితే, ఆ మంచం మీద వేరే ఆవిడ కూర్చుని పాలలో రొట్టె ముంచుకుని తింటోంది. నర్సమ్మ ఒక మూట తెచ్చి ఇచ్చింది. అందులో బూట్లూ, కుళ్ళాయీ ఉన్నాయి. పొద్దున్నే పోయిందని చెప్పింది. బాధపడలేదని కూడా చెప్పింది. మెలానీ ఆ మాట నమ్మింది, ఎందుకంటే తల్లి కూడా అదే చెప్పింది. వరండాలో గోడకి తల ఆనించి, అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

బీదవాళ్ళని పూడ్చే ఊరుమ్మడి గుంట దగ్గరికి మెలానీ వెంట తువానెట్ ఒక్కతే వచ్చింది.

సోమవారం పొద్దున మెలానీ పైకి వచ్చింది. కిటికీలోంచి తెల్లటి వెలుగు. ఇంత వెలుగులో పనిచెయ్యడం ఆమెకి కొత్త. గ్రివో దగ్గర నిలబడి ఒక వెంట్రుక నలిపి చూపించి, "ఇలా. తొందరేం లేదు," అని తన గదికి వెళ్ళిపోయింది. మెలానీ కళ్ళు మూసుకుని నలిపింది. పగిలిన వేళ్ళకి మంట తెలిసింది తప్ప వెంట్రుక తెలియలేదు. ఇంకోటి తీసింది. అదీ తెలియలేదు. ఈస్టర్‌కి ఆరు వారాలే ఉన్నాయి. పై గదికి వచ్చి దగ్గు తగ్గకముందే మళ్ళీ కిందికి పంపేస్తారేమోనన్న భయం పట్టుకుంది.

పక్కపీట మీద తువానెట్ తలవంచుకుని పనిచేసుకుంటోంది. ఏదో అనబోయినట్టు ఒకసారి నోరు తెరిచి, మూసేసుకుంది.

పీట ముందు బల్లకి చిన్న సొరుగుంది. దువ్వెన కోసమని మెలానీ దాన్ని లాగింది. దువ్వెనా, అరిగిన కత్తెరా ఉన్నాయి. వాటి వెనక, చేతిగుడ్డలో చుట్టి, బొటనవేలంత లోతున్న ఒక రేకుడబ్బా ఉంది. మూత తీసి చూసింది. బాతుకొవ్వు. ఎందుకో ఆమెకి వెంటనే అర్థంకాలేదు. తర్వాత అర్థమైంది. ఎంత చలిలోనైనా అమ్మ పెదవులు పగిలేవి కావు. పగిలితే పని తెలియదు కదా.

గుమ్మంవైపు చూసింది. ఎవరూ లేరు. వేలితో కాస్త కొవ్వు తీసి పెదవులకి మెల్లగా, మూలలదాకా రాసుకుంది. తర్వాత పాయలోంచి ఒక వెంట్రుక తీసింది.

సొరుగులో మూత తెరిచిన డబ్బా అలాగే ఉంది. కొవ్వుమీద రెండు గుంటలున్నాయి. చదునుగా, వెడల్పుగా ఉన్నదాని అంచులు ఎండి గట్టిపడ్డాయి, పక్కనున్న చిన్నది ఇంకా తడిగా మెరుస్తోంది.